పిడి ఒకరిది, బిట్లు ఇంకొకరివి: పాత బోలు పిడి పనిముట్లను గుర్తుపట్టడం

పాత పనిముట్లు సేకరించేవాళ్లు చాలామంది చిత్రికలతోనో రంపాలతోనో మొదలుపెట్టి, ఎప్పుడో ఒకప్పుడు ఈ వస్తువు దగ్గర ఆగుతారు. అరచేతిలో ఇమిడే పిడి, ఎక్కువగా తరిణె పట్టిన కొయ్యది. వెనక మూత తిప్పి తీస్తే లోపలంతా బోలు. ఆ బోలులో 10-12, ఒక్కోసారి 20 దాకా చిన్న బిట్లు: ఆరె, సన్న ఉలి, గోరుఉలి, బరమా, స్క్రూడ్రైవర్, వేలెడంత రంపం, ఆకురాయి, చిన్న మేకులు పీకే కొక్కెం. కావాల్సింది తీసి ముందున్న చక్‌లో (బిట్‌ను పట్టి ఉంచే బిగింపులో) బిగించుకుని పని చేసుకోవడమే. 19వ శతాబ్దం రెండో సగం నుంచి 20వ శతాబ్దం మధ్య వరకు అమెరికాలో, బ్రిటన్‌లో, జర్మనీలో ఇవి విపరీతంగా తయారయ్యాయి, కాబట్టి ఇప్పటికీ బాగానే దొరుకుతాయి.

దొరకడం తేలికే గానీ అది ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, లోపలున్న బిట్లు నిజంగా దానివేనా కాదా అన్నది తేల్చడం మాత్రం కష్టం. అమ్మేవాళ్లు "కంప్లీట్ సెట్, ఒరిజినల్" అని రాసేస్తారు. నేనైతే ఆ మాటను అసలు లెక్కలోకి తీసుకోను. బిట్లు ఊడొచ్చేవి, విరిగేవి, అరిగిపోయేవి, పారేసుకునేవి. వందేళ్లలో ఎవరో ఒకరు ఇంకో డబ్బాలోంచి తీసిన బిట్‌ను ఇందులో వేయకుండా ఉండటం చాలా అరుదు. అందుకే నా పద్ధతి ఒకటే: పిడిని ఒక వస్తువుగా, బిట్లను వేరే వస్తువులుగా చూడాలి, ఒక్కోదాని చరిత్ర విడిగా తేల్చాలి, ఆ తర్వాతే ఆ రెండూ ఒకచోటివేనా అని అడగాలి. చాలా గందరగోళం ఈ వరస తప్పడం వల్లే వస్తుంది.

ఇవి పూర్తిస్థాయి వడ్రంగుల కోసం చేసినవి కావు. వడ్రంగికి ప్రతి పనికీ విడి ఉలి, విడి ఆరె ఉంటాయి. ఇవి ఇంట్లో చిన్నాచితకా రిపేర్లు చేసుకునేవాళ్లకు, జీనులూ పట్టీలూ కుట్టుకునే రైతులకు, సరదాగా కొయ్యపని చేసేవాళ్లకు, కానుకగా కొనేవాళ్లకు ఉద్దేశించినవి. అప్పటి కేటలాగుల్లో బొమ్మ చూడండి, పిడి చుట్టూ బిట్లన్నీ విసనకర్రలా పరిచి చూపిస్తారు, ఎన్ని ఎక్కువ ఉంటే అంత గొప్పగా. ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, సంఖ్య పెంచడానికి కొన్ని కంపెనీలు రేకులోంచి కొట్టి తీసిన మెత్తటి బిట్లు వేసేవి, ఇంకొన్ని కొలిమిలో సాగగొట్టిన మంచి ఉక్కు బిట్లు ఇచ్చేవి. పైకి ఒకేలా కనిపించే రెండు పిడుల్లో లోపలి సరుకు నాణ్యతలో ఎంతో తేడా ఉండటానికి కారణం ఇదే.

రకాల విషయానికొస్తే, కొయ్య పిడి, తిప్పే మూత ఉన్నది అన్నిటికంటే ఎక్కువ కనిపించేది. మొత్తం లోహంతో చేసి నికెల్ పూత వేసినవి ఇంకో రకం. ఒక స్క్రూడ్రైవర్ పిడిలో ఇంకో చిన్న స్క్రూడ్రైవర్, దాని పిడిలో మరోటి, ఇలా ఒకదాంట్లో ఒకటి దూరే ఇత్తడివి మూడో రకం. తోలు కుట్టే ఆరెలు కొన్నింట్లో సూదులూ, దారపు ఉండా పిడిలోనే ఉంటాయి. చివరగా పుష్ డ్రిల్, అంటే పిడి నొక్కితే లోపలి మెలి వల్ల ముందు భాగం గిర్రున తిరిగి చిన్న బెజ్జం వేసేది, దాని డ్రిల్ పాయింట్లు కూడా పిడిలోనే దాక్కుంటాయి. ఫిలడెల్ఫియాలోని నార్త్ బ్రదర్స్ కంపెనీ "యాంకీ" పేరుతో చేసిన నెంబర్ 41 ఇందులో బాగా ప్రసిద్ధం. దానికి అంగుళంలో 1/16 వంతు నుంచి 11/64 వంతు దాకా 8 పాయింట్లు వస్తాయి, వాటి గాడి మెలి తిరగకుండా నిటారుగా ఉంటుంది. నార్త్ బ్రదర్స్‌ను 1946లో స్టాన్లీ అనే పెద్ద అమెరికన్ పనిముట్ల కంపెనీ కొనేసింది కాబట్టి స్టాన్లీ పేరూ యాంకీ పేరూ కలిసి ఉన్న ముక్క ఆ తర్వాతిదే.

ముందు చక్ చూడండి, పేరు తర్వాత

కొత్తగా సేకరించేవాళ్లు పిడి చేతికి రాగానే పేరు కోసం వెతుకుతారు. నేను ముందు చక్ విప్పి చూస్తాను. పేరు చెరిగిపోవచ్చు, అసలు ఏ పేరూ లేకుండానే అమ్మి ఉండొచ్చు, తయారు చేసినవాడిది కాకుండా అమ్మిన కొట్టువాడిది కావచ్చు. చక్ నిర్మాణాన్ని మాత్రం ఎవరూ ఊరికే మార్చరు, ఎందుకంటే దాని వెనక పేటెంట్లు, అచ్చులు, యంత్రాలు ఉంటాయి.

అన్నిటికంటే సాదా చక్‌లో నలుచదరపు బెజ్జం, పక్కన బిగించే స్క్రూ, అంతే. దీనిలో ఆ బెజ్జానికి సరిపడే షాంక్ (అంటే బిట్‌లో చక్ లోపలికి దూరే భాగం) ఉన్నవే పడతాయి. కొంచెం మెరుగైన దాంట్లో చివర చీల్చిన గొట్టం ఉంటుంది, మీద మరలున్న ఉంగరం తిప్పితే అది దగ్గరకు నొక్కుకుంటుంది. ఇంకా మెరుగైనవాటిలో విడిగా రెండు ఉక్కు దవడలు, వాటిని దూరంగా నెట్టే చిన్న స్ప్రింగ్, మీద లోపలివైపు ఏటవాలుగా తొలిచిన గొట్టం ఉంటాయి, గొట్టాన్ని తిప్పేకొద్దీ దవడలు మూసుకుంటాయి. ఈ పద్ధతికి మూలం బరమా బ్రేస్‌ల (వంపు పిడి తిప్పి బెజ్జాలు వేసే పనిముట్ల) కోసం విలియం బార్బర్ 1864 మే 24న తీసుకున్న పేటెంట్. ఆ పేటెంట్ హక్కుల మీదే గన్, అమిడన్ అనే ఇద్దరు మసాచుసెట్స్‌లో వ్యాపారం పెంచారు, 1868లో మొదలైన వాళ్ల ఫ్యాక్టరీయే తర్వాత మిల్లర్స్ ఫాల్స్ కంపెనీగా ప్రపంచానికి తెలిసింది. దవడల చక్ ఉన్న పిడి సన్న సూదిని కూడా గట్టిగా పట్టుకోగలదు. ఆ సౌకర్యం వల్లే సేకరించేవాళ్లకు తలనొప్పి కూడా మొదలైంది: ఏ కంపెనీ బిట్ అయినా అందులో పట్టేస్తుంది, కాబట్టి "చక్కగా సరిపోయింది" అన్నది దీని విషయంలో రుజువు కాదు.

నలుచదరపు బెజ్జం ఉన్నదాంట్లో అయితే లెక్క తిరగబడుతుంది. అందులో బిట్ వదులు లేకుండా, అడుగుదాకా కూర్చుంటే అది బలమైన సాక్ష్యం. పుష్ డ్రిల్స్ సంగతీ అంతే, ఒక కంపెనీ పాయింట్ షాంక్ మీద గంటు ఉన్న తీరు ఇంకో కంపెనీ చక్‌కు చాలాసార్లు కుదరదు.

పేర్లు, పేటెంట్లు, తేదీలు

పేరు ఎక్కడ ఉంటుందంటే, చక్ గొట్టం మీద, పొన్ను మీద, మూత అంచున, కొన్నిసార్లు కొయ్యలోకే అచ్చు కొట్టి. ఏటవాలుగా వెలుతురు పడేలా టార్చ్ పట్టుకుని తిప్పుతూ చూస్తే కంటికి ఆనని అక్షరాలు కూడా నీడ వల్ల తేలతాయి. గరుకు కాగితం పట్టక ముందే చూడాలి, ఒకసారి రుద్దాక ఆ అక్షరాలు తిరిగి రావు.

పేరు దొరికాక ఆ పేరు ఎవరిదో ఆలోచించాలి. కీన్ కట్టర్ అని ఉంటే అది సెయింట్ లూయిస్‌లోని సిమన్స్ హార్డ్‌వేర్ అనే హోల్‌సేల్ సంస్థ బ్రాండ్, వాళ్లు వేరేవాళ్ల చేత చేయించుకుని అమ్మేవాళ్లు. క్రాఫ్ట్స్‌మన్ అంటే అప్పట్లో సియర్స్ అనే అమెరికా దుకాణాల సంస్థది, ఆ ట్రేడ్‌మార్క్ 1927 నాటిది. ఇలాంటి పేరున్న పిడికి అసలు తయారీదారు ఎవరో తెలియాలంటే మళ్లీ చక్ దగ్గరికే రావాలి, పేరున్న కంపెనీల చక్‌లతో పక్కపక్కన పెట్టి పోల్చాలి.

కంపెనీలు ఒకదాన్నొకటి మింగిన చరిత్ర కూడా తేదీలు తేల్చడానికి బాగా పనికొస్తుంది. గుడెల్ బ్రదర్స్ 1899లో గుడెల్-ప్రాట్ అయింది, దాన్ని 1931లో మిల్లర్స్ ఫాల్స్ కలుపుకుంది. బ్రిడ్జ్‌పోర్ట్‌లోని జాన్ ఫ్రే కంపెనీ బరమా బ్రేస్‌లతో పాటు బోలు పిడి సెట్లు చేసేది, దాన్ని 1920లో స్టాన్లీ తీసుకుంది. స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ కూడా అదే 1920లో స్టాన్లీ వర్క్స్‌లో కలిసిపోయింది. ఆ తర్వాత సుమారు 15 ఏళ్లపాటు వాళ్ల ముద్రలో గుండె ఆకారం, అందులో ఎస్, డబ్ల్యూ అక్షరాలు కనిపిస్తాయి, సేకరించేవాళ్లు స్వీట్‌హార్ట్ అని పిలుచుకునేది దీన్నే. అంటే "రూల్ అండ్ లెవెల్" అన్న ముద్ర ఒక కాలానికీ గుండె ముద్ర ఇంకో కాలానికీ గుర్తు.

పేటెంట్ తేదీ గురించి ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే: పిడి మీద ఉన్న తేదీ ఆ పిడి పుట్టిన తేదీ కాదు. అది చక్‌కో మూతకో హక్కు మంజూరైన రోజు. ఆ రోజుల్లో అమెరికా పేటెంట్ 17 ఏళ్లు అమల్లో ఉండేది, ఆ కాలమంతా, కొందరైతే ఆ తర్వాత కూడా, అదే తేదీని కొడుతూ పోయారు. కాబట్టి తేదీ చెప్పేది ఒక్కటే, ఈ వస్తువు అంతకంటే పాతది కాదు అని. చక్కటి పరీక్ష ఒకటుంది, అమెరికాలో పేటెంట్లు మంగళవారాల్లోనే మంజూరవుతాయి. మీరు చదివిన తేదీ మంగళవారం కాకపోతే ఒక అంకె తప్పు చదివారన్నమాట. అరిగిపోయిన ముద్రలో 3 ఏదో 8 ఏదో తెలియనప్పుడు ఈ చిన్న లెక్క ఎంతో ఆదుకుంటుంది. పైన చెప్పిన 1864 మే 24 కూడా మంగళవారమే, చూసుకోండి.

తేదీ బదులు నెంబర్ ఉంటే ఇంకా మేలు. 1900 సంవత్సరం మొదటి పేటెంట్ నెంబర్ 6,40,167, పది లక్షలవ నెంబర్ 1911లో వచ్చింది, ఇరవై లక్షలవది 1935లో. ఈ మూడూ గుర్తుంటే చేతిలో ఉన్న పిడి ఏ దశాబ్దం తర్వాతిదో అక్కడికక్కడే చెప్పొచ్చు. 1927లో చట్టం మారాక కొత్త పేటెంట్లకు తేదీ సరిపోదు, నెంబరే కొట్టాలి అయింది. నెంబర్ దొరికితే గూగుల్ పేటెంట్స్‌లో అసలు పత్రం, బొమ్మలతో సహా, ఉచితంగా చూడొచ్చు. పనిముట్ల పేటెంట్లకే ప్రత్యేకంగా డాటాంప్ అనే సూచీ ఉంది, అందులో తేదీతోనూ వెతకొచ్చు.

బ్రిటన్ సరుకుకు గుర్తులు వేరు. "ఆర్‌డి నెంబర్" అని ఉంటే అది డిజైన్ రిజిస్ట్రేషన్, ఆ వరస 1884లో మొదలైంది, అంతకుముందు 1842 నుంచి 1883 దాకా వజ్రం ఆకారపు ముద్ర వాడేవాళ్లు. వాళ్ల కేటలాగుల్లో ఈ వస్తువును టూల్ ప్యాడ్ అంటారు, వెతికేటప్పుడు ఆ పేరు కూడా కొట్టాలి. జర్మన్ ముక్కల మీద "డి.ఆర్.జి.ఎం." (చిన్న పేటెంట్ లాంటి జర్మన్ నమోదు గుర్తు) ఉంటే 1891 తర్వాతిది, "వెస్ట్ జర్మనీ" అంటే 1949-1990 మధ్యది. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద దేశం పేరు ఉండాలన్న నియమం 1891 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే దేశం పేరు లేనంత మాత్రాన అంతకంటే పాతదని అనుకోకూడదు, సొంత దేశంలో అమ్మినవాటికి ఆ అవసరమే లేదు.

బిట్ల లెక్క

పిడి తేలాక బిట్లన్నీ తెల్లటి గుడ్డ మీద పరుస్తాను. మొదటి పరీక్ష పొడవు. మూత పూర్తిగా మూసినప్పుడు లోపల పట్టని బిట్ ఆ సెట్‌ది కాదు, ఇందులో వాదనే లేదు. ఇది అందరికీ తట్టేదే అనిపిస్తుంది గానీ, "కంప్లీట్" అని అమ్మకానికి పెట్టిన ఫొటోల్లో పిడి బోలు కంటే పొడవైన రంపం దర్జాగా పడుకుని ఉండటం తరచుగా కనిపిస్తుంది. తర్వాత, అన్నీ ఒకేసారి వేసి మూత పడుతుందేమో చూడాలి. 20 బిట్ల సెట్ అని చెప్పి 14 వేసేసరికి నిండిపోతే ఏదో తేడా ఉన్నట్టే.

రెండోది షాంక్‌ల కుటుంబ పోలిక. ఒకే ఫ్యాక్టరీ బిట్లకు షాంక్ మందం, ఏటవాలు, చివర కోసిన తీరు ఒకేలా ఉంటాయి, ఎందుకంటే ఒకే తీగలోంచో ఒకే పట్టీలోంచో వచ్చాయి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే చెప్పేస్తుంది: 10 బిట్లలో 7 ఒక కొలత, మిగతా 3 మూడు రకాలైతే, ఆ 7 ఒక గుంపు. ఆ గుంపు ఈ పిడిదా కాదా అన్నది ఇంకా తేలలేదని మర్చిపోవద్దు.

అది తేల్చడానికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం దవడల గాట్లు. రెండు దవడల చక్‌లో బిగించి మెలితిప్పినప్పుడు షాంక్ రెండు వైపులా దవడలు కరుస్తాయి. ఏళ్ల తరబడి అదే చక్‌లో వాడిన బిట్లన్నిటి మీదా ఆ గాట్లు దాదాపు ఒకే ఎత్తులో, ఒకే వెడల్పులో ఉంటాయి. భూతద్దం పెట్టి దవడ వెడల్పుతో పోల్చండి. గాటు వేరే చోట ఉంటే ఆ బిట్ ఇంకో చక్‌లో బతికింది. గాటే లేకపోతే వాడనే లేదు, లేదా ఈమధ్య వచ్చి చేరింది. పిడి లోపల గోడ మీద కూడా టార్చ్ వేసి చూడాలి, తుప్పు మరకలు, బిట్ల మొనలు రాసుకున్న గీతలు ఉంటాయి. వందేళ్లు ఇనుము మోసిన బోలు లోపల కొత్త కొయ్యలా తెల్లగా ఉంటే నాకు నమ్మకం కుదరదు.

బిట్ రకం కూడా కాలం చెబుతుంది. ప్లస్ గుర్తు ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్యలో పేటెంటై వాడకంలోకి వచ్చాయి, కాబట్టి 1890ల పిడిలో ఫిలిప్స్ బిట్ ఉంటే అది తర్వాత ఎవరో వేసింది. అలా వేసినందుకు నాకేమీ కోపం లేదు, ఆ పిడిని ఎవరో నిజంగా వాడుకున్నారనడానికి అదో గుర్తు, దాన్ని తీసి పారేయకుండా విడిగా చీటీ కట్టి ఉంచుతాను. అలాగే పొట్టిగా అరిగిన ఉలి, మళ్లీ మళ్లీ సానపట్టిన స్క్రూడ్రైవర్ మొన లోపాలు కావు. అన్ని బిట్లూ అరిగి ఒక్కటి మాత్రం తళతళలాడుతుంటే మాత్రం అడగాల్సిందే.

కొయ్య గురించి కొంచెం. లిగ్నమ్ వైటీ చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది, నీళ్లలో మునిగేంత బరువు, ముదురు ఆకుపచ్చ గోధుమ రంగు, పక్కన లేత పసుపు చార, మైనం రాసినట్టు నునుపు. కొకోబొలో ఎర్రటి నారింజ రంగులో నల్లటి చారలతో ఉండి కాలం గడిచేకొద్దీ నల్లబడుతుంది. బాక్స్‌వుడ్ పసుపు రంగు, పోగు కనపడనంత సన్నం. రోజ్‌వుడ్ అనే పేరుతో వచ్చేవాటిలో రంగు వేసిన మేపుల్, బీచ్ కూడా చాలా ఉంటాయి, మూత మరల లోపల రంగు పట్టని చోట చూస్తే అసలు కొయ్య బయటపడుతుంది. పూతల్లో నికెల్ కొంచెం పసుపు వెచ్చదనంతో మెరుస్తుంది, 1870ల నుంచి బాగా వ్యాపించింది. నీలిమెరుపు క్రోమ్ 1920ల మధ్య దాకా మార్కెట్లో లేదు. మిల్లర్స్ ఫాల్స్ ఎర్రటి పారదర్శక పిడులు పర్మలాయిడ్ అనే సెల్యులోజ్ అసిటేట్ ప్లాస్టిక్‌వి, అవి పాడవుతున్నప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆవిరి పక్కనున్న ఉక్కును కూడా తినేస్తుంది కాబట్టి అలాంటి పిడిని మూసిన డబ్బాలో మిగతావాటితో కలిపి పెట్టకూడదు, గాలి ఆడేచోట విడిగా ఉంచాలి.

నకిలీల్లో అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఇత్తడి సుత్తి, పిడి విప్పితే ఒకదాంట్లో ఒకటి స్క్రూడ్రైవర్లు వచ్చేది. ఇది ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది, మసి పూసి, చిలుము పట్టించి పాతదని అమ్మేవాళ్లున్నారు. నిజమైన వాడకంలో అరచెయ్యి రాసుకునే చోట నునుపుగా, గాడుల లోతుల్లో నల్లగా ఉంటుంది. రసాయనం పూసి పాతదానిలా చేసినది అంతటా ఒకే రంగులో ఉంటుంది, లోపలి మరల్లో కూడా. మరలు పదునుగా, కొత్తగా ఉండి బయట మాత్రం శతాబ్దం నాటి రంగు ఉంటే వదిలేయండి.

శుభ్రం చేయడంలో నేను చాలా తక్కువ పని చేస్తాను. మూత బిగుసుకుపోతే, మరలు లోహానివైతే పల్చటి నూనె చుక్కలు వేసి రాత్రంతా వదిలేయడం, మరలు కొయ్యవైతే నూనె వద్దే వద్దు. పొడిగా ఉన్న గదిలో కొన్ని వారాలు ఉంచితే తేమ ఆరి అదే వదులవుతుంది. పట్టకారు మాత్రం పెట్టొద్దు, బోలు పిడి గోడ పల్చన, చీలిపోతే అతికించడం కష్టం, లిగ్నమ్ వైటీకి అయితే సహజంగా ఉండే జిగురు నూనె వల్ల బంక సరిగా పట్టదు కూడా. తుప్పుకు కిరోసిన్, మెత్తటి గుడ్డ చాలు. నికెల్ పూత పొరలు లేచినచోట వైర్ బ్రష్ తగిలితే మిగిలింది కూడా ఊడొస్తుంది. మళ్లీ పూత వేయిస్తే ముద్రల అంచులు మొద్దుబారి, గుర్తుపట్టే ఆధారమే పోతుంది.

దేశాల సరిహద్దు దాటించి కొనేవాళ్లు, అమ్మేవాళ్లు కొయ్య పేరు ముందే తెలుసుకోవాలి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైట్స్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అంటే వ్యాపారానికి అత్యంత కఠినమైన ఆంక్షలు. లిగ్నమ్ వైటీ ఇచ్చే గ్వాయకమ్ చెట్లన్నీ 2003 నుంచి, మిగతా రోజ్‌వుడ్, కొకోబొలో ఉన్న డాల్బర్జియా చెట్లన్నీ 2017 నుంచి రెండో అనుబంధంలో ఉన్నాయి. రెండో అనుబంధంలోని డాల్బర్జియాతో చేసిన వస్తువులకు, ఒక పార్సెల్‌లో ఆ కొయ్య 10 కిలోలు దాటకపోతే, 2019లో సడలింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు ఆ సడలింపు లేదు. పాత వస్తువుకు వయసు చూపించే కాగితాలుంటే దారి వేరుగా ఉండొచ్చు, ఏ దేశపు కస్టమ్స్ ఏ పత్రం అడుగుతుందో పంపకముందే కనుక్కోవాలి.

ఇక రికార్డు. పిడి చేతికొచ్చిన రోజే, ఏదీ తీయక ముందు, వేయక ముందు, లోపల ఏమేమున్నాయో ఫొటో తీసి రాసుకోండి: ఎన్ని బిట్లు, ఏ రకాలు, షాంక్ కొలతలు, ఏది ఏ గుంపుది, ఎవరి దగ్గర తీసుకున్నారు. తర్వాత వేరే చోట దొరికిన బిట్‌తో ఖాళీ నింపాలనిపిస్తే నింపండి, అందులో తప్పేమీ లేదు, కాకపోతే అది మీరు వేసిందని ఆ కాగితంలో రాసి, చుట్టి, పిడి బోలులోనే పెట్టేయండి.